సంచి తీసేశారు, నొప్పి ఉండిపోయింది

నిన్న మీకు తలనొప్పి వచ్చిందని మీరు రుజువు చేయగలరా? తొందరపడి తలూపకండి. ఖాళీ మాత్రల రేకు చూపిస్తానంటారా? మాత్ర కొన్నంత మాత్రాన నొప్పి ఉన్నట్టు కాదు. ఆఫీసుకు సెలవు పెట్టానంటారా? సెలవు పెట్టిన వాళ్లందరికీ తలనొప్పి ఉండదు. ఇంట్లోవాళ్లు సాక్ష్యం చెబుతారంటారా? వాళ్లు చూసింది మీ మొహాన్ని, మీ తల లోపలి భాగాన్ని కాదు. ఇప్పుడు చెప్పండి. మీ మాట తప్ప మీ చేతిలో ఇంకేముంది?

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఇతరుల సెలవుల మీద సంతకం పెట్టే కుర్చీల్లోకి వచ్చినవాళ్ల కోసం. అలాంటి కుర్చీలో చాలాకాలం కూర్చుని నేను ఈమధ్యే లేచాను.

మాది కలకత్తా రేవు పక్కన గిడ్డంగులు నడిపే ఒక ప్రైవేటు సంస్థ. ఆఫీసు భవానీపూర్‌లో, గిడ్డంగులు ఏక్‌బాల్‌పూర్ దాటాక. నా హోదా సంక్షేమాధికారి. పేరు చూసి మోసపోకండి. జబ్బుపడిన ఉద్యోగి క్షేమం కనుక్కోవడం నా పని అని పైకి చెప్పేవారు. నిజంగా జబ్బు పడ్డాడా అని కనుక్కోవడం నా చేత చేయించుకునే పని. దానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా తరచూ సెలవు పెడుతుంటే, చెప్పాపెట్టకుండా ఇద్దరం వాళ్ల ఇంటికి వెళ్లేవాళ్లం. చేతిలో ఆపిల్ పళ్ల సంచి ఉండేది. పళ్లు సంస్థ ఖర్చు. ఒకరు పరామర్శిస్తూ కూర్చుంటే రెండోవారు ఇల్లంతా చూసేవారు. మంచం మీద దుప్పటి నలిగి ఉందా, పొయ్యి వెలుగుతోందా, రోగి తలస్నానం చేశాడా, గుమ్మం దగ్గర చెప్పులకు తడి మట్టి ఉందా. చూసింది వచ్చి చెప్పాలి. ఆ మాట అనారోగ్య కమిటీకి వెళ్లేది. కమిటీ రెండే మాటలు అనగలదు. ఒకటి, ఈ మనిషి దొంగ. రెండు, ఈ మనిషి పనికిరాదు. మొదటిదైతే క్రమశిక్షణ చర్య. రెండోదైతే ఇంటికి.

నాకు ఆ పని తప్పుగా అనిపించేది కాదు. దేన్నైనా అనుమానించాలనే పాఠంతోనే పెరిగాను. కృష్ణా జిల్లాలో మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచీ సభలకు వెంటబెట్టుకెళ్లేవాడు. బాబాలు గాల్లోంచి తీసే విభూతి ఏ వేళ్ల మధ్య దాస్తారో, కులం పేరు చెప్పి పెళ్లిళ్లు ఆపేవాళ్లు ఏ శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుంటారో, అన్నీ వాదించి తేల్చే సభలు. ఎవరు చెప్పారని అడగకు, ఎలా తెలిసిందని అడుగు అనేవాడు నాన్న. కలకత్తా వచ్చాక ఆదివారాలు కూర్చుని చిన్న పత్రికలకు వ్యాసాలు రాసేదాన్ని. తాయెత్తులు, ముహూర్తాలు, స్వస్థత ప్రార్థనలు, దేన్నీ వదిలిపెట్టలేదు. మిగిలిన రోజుల్లో ఆపిల్ పళ్లు మోసేదాన్ని.

ఆ అమ్మాయి మా గిడ్డంగి గేటు దగ్గర కాటా కేబిన్‌లో పనిచేసేది. లారీ ఖాళీగా ఎక్కినప్పుడొక తూకం, సరుకుతో ఎక్కినప్పుడొక తూకం. అమ్మాయి అంటున్నాను గాని నలభై దాటిన మనిషి. తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి రేవు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. చర్చికి వెళ్లే కుటుంబం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు, చదువు బెంగాలీలో. భర్త సరుకుల ఓడలో వంటవాడు, సంవత్సరంలో ఎక్కువ భాగం నీళ్ల మీదే. ఇంట్లో ఆమె, తల్లి. నోరు గట్టిది. తూకంలో మాయ చేయబోయిన డ్రైవర్లు ఆ కేబిన్ కిటికీ దగ్గర నిలబడి తిట్లు తిని వెళ్లేవాళ్లు.

ఆమె జబ్బుకు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల పొరలా ఉండాల్సిన కణజాలం లాంటిదే బయట, ఉండకూడని చోట్ల పెరుగుతుంది. అండాశయాల మీద, పేగు మీద, ఎక్కడైనా. నెల తిరిగేసరికి అక్కడా వాపు, అక్కడా నొప్పి. రజస్వల అయినప్పటి నుంచీ ఆమెకు అదే. పెళ్లయితే తగ్గుతుందన్నారట. పిల్లలు పుడితే తగ్గుతుందన్నారట. పిల్లలు పుట్టలేదు. చివరికి ఒక నర్సింగ్‌హోమ్‌లో గర్భసంచి తీసేస్తే పీడ విరగడవుతుందన్నారు. తీసేశారు. ఆఫీసు తరఫున ఆపిల్ పళ్లు పట్టుకుని వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు మాత్రం నిజంగా చూడటానికే వెళ్లాం. అయిపోయింది మేడమ్, ఇంక నేను కాటాకి అతుక్కుపోతాను చూడండి అంది.

కొన్నాళ్లు అలాగే ఉంది. తర్వాత మళ్లీ సెలవులు మొదలయ్యాయి. అదీ దాదాపు నెలనెలా.

ఇక్కడ మా ఆఫీసు దిదిని పరిచయం చేయాలి. మా విభాగంలో పెద్ద గుమాస్తా, బెంగాలీ ఆవిడ. అందరూ ఆమెను దిదీ, అంటే అక్కా, అనే పిలిచేవారు. పనిలో నిజాయితీపరురాలు, భోజనం డబ్బా నలుగురికీ పంచే మనిషి. ఆమెకు కూడా గర్భసంచి తీసేశారు. అందుకే ఈ విషయంలో తనకన్నా తెలిసినవాళ్లు లేరని ఆమె నమ్మకం.

"నాకు తీసేసిన ఏడాదే దుర్గాపూజకి పందిళ్లన్నీ కాలినడకన తిరిగాను. దీనికేమొచ్చింది?" అంది దిది.

"అందరి ఒళ్లూ ఒకటి కాదుగా" అన్నాను.

"పన్ను పీకేశాక పన్ను నొప్పి ఉంటుందా?"

"చిగుళ్లలో చీము ఉంటే ఉంటుంది."

"మీతో మాట్లాడలేం తల్లీ" అని దిది టీ కప్పు తీసుకుంది. "నెలనెలా అట. సంచే లేనిదానికి నెల ఏమిటి? ఎక్కడో ఇంకో పని చేస్తోంది. లేకపోతే చర్చిలో ఉపవాసాలేవో ఉంటాయి. మీరే కనుక్కోండి, మీ తెలుగమ్మాయే కదా."

నాకు అనుమానాలు లేవని కాదు. కాకపోతే నావి వేరే. మొదటిది ఆ నర్సింగ్‌హోమ్ మీద. అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేసి బిల్లు వేసే చోట్లు ఉన్నాయని మా ఆంధ్రలో నేను విన్నదే. రెండోది చర్చి మీద. నొప్పిని దేవుడికి అప్పగించమని చెప్పి మందులు మాన్పించారేమోనని. మూడోది మా సంస్థ మీద. గేటు దగ్గర మనిషి అవసరం లేని కొత్త కాటా పెడతారని ఆ రోజుల్లో గుసగుసలు. కాటా కేబిన్‌లో మనిషి తనంతట తానే దొంగగా తేలితే ఎవరికి సుఖం? దీనికి నా దగ్గర రుజువు లేదు. అందుకే అనుమానం అని మాత్రమే రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం నేనూ దిదీ ఏక్‌బాల్‌పూర్‌లో ఆమె ఇంటికి వెళ్లాం. ఇరుకు సందు, రెండు గదుల ఇల్లు. తల్లి తలుపు తీసి పళ్ల సంచి వైపు చూసింది, తర్వాత మా వైపు.

"పళ్లట్టుకొచ్చేరేటమ్మా? అయితే మా పిల్ల మీద ఏదో వొచ్చినట్టే" అంది.

లోపల రోగి పొయ్యి దగ్గర నిలబడి చేప ముక్కలు వేయిస్తోంది. తల తడిగా ఉంది. దిది నా మోచేతిని మెల్లగా పొడిచింది. నాకు అర్థమైంది. పొయ్యి, తడి జుట్టు, చేపల వేపుడు. మా పద్ధతి ప్రకారం మూడూ నేరాలే.

"కూర్చోమ్మా, ఎందుకు నిలబడ్డావు?" అన్నాను.

"కూకోలేను మేడమ్. కూకుంటే కింద నుంచి మేకు దిగీసినట్టుంటాది. పడుకుంటే నడుము లాగీస్తాది. నిలబడితేనే కాస్త నయం. ఊరికే నిలబడి ఏటి సేస్తాను, అందుకే ఏపుతున్నాను."

దిదికి తెలుగు రాదు. "ఏమంటోంది?" అని అడిగింది. నేను బెంగాలీలో చెప్పాను. దిది నవ్వింది. "నొప్పి ఉన్నవాళ్లు పడుకుంటారు. నిలబడి వంట చేయడం నేనెక్కడా చూడలేదు."

"మీ ఇంట్లో ఇంకెవరైనా వండిపెడతారా దిదీ?" అని ఆ అమ్మాయి బెంగాలీలోనే అడిగింది. దిది గోడకున్న క్యాలెండర్ చూడటం మొదలుపెట్టింది.

అప్పుడు నా కన్ను గూట్లో ఉన్న చిన్న నూనె సీసా మీద పడింది. నా చేతులు దురద పెట్టాయి. ఎన్ని వ్యాసాలు రాశాను ఆ సీసాల మీద.

"ఇదేమిటి?" అంటూ సీసా చేతిలోకి తీసుకున్నాను.

"పాస్టరమ్మగారు ప్రార్థన సేసి ఇచ్చినారు."

"నూనెతో లోపలి జబ్బు ఎలా తగ్గుతుంది? చదువుకున్నదానివి, నువ్వు కూడా..."

ఆమె పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది. "తగ్గుద్దని నానెప్పుడన్నాను మేడమ్? పాస్టరమ్మగారు నూనె రాసే ముందు ఎక్కడమ్మా నొప్పి అని అడిగేరు. కూకుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా అని అడిగేరు. బాత్రూంకెల్లడానికి కూడా భయపడతన్నావా తల్లీ అని అడిగేరు. ఇన్నాళ్లలో నన్ను ఆ మాట అడిగినోళ్లు ఆవిడొక్కర్తే. మీ కంపెనీ డాక్టరుబాబు ఎప్పుడైనా అడిగేరేటి? మీరడిగేరేటి?"

తల్లి గుమ్మంలోంచి "ఊరుకోవే, పెద్దోళ్లు" అంది.

"ఊరుకునే ఇన్నాళ్లూ ఉన్నాను కదే అమ్మా."

నేను సీసాను గూట్లో పెట్టేశాను. మూఢనమ్మకాల మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటిలో ఆ మాట ఎవరూ చెప్పలేదు. రోగిని ప్రశ్న అడగాల్సిన పని శాస్త్రానిది. శాస్త్రం పేరు పెట్టుకున్నవాడు అడగకుండా లేచి వెళ్లిపోతే ఆ ఖాళీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. కూర్చున్నవాళ్లను తిట్టడం సులువు. నూనె మీద నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. కానీ ఆ రోజు నుంచీ, నూనె సీసా కనిపించిన చోట ముందుగా ఇక్కడి నుంచి లేచి వెళ్లిన డాక్టరు ఎవరని వెతుకుతున్నాను.

తిరిగి వస్తూ బస్సులో దిది తేల్చేసింది. "చేప, తడి జుట్టు, పైగా నోరు. నొప్పి ఉన్నవాళ్లకు అంత నోరుండదు."

"నొప్పి గర్భసంచిలోనే ఉంటుందని మీకెలా తెలిసింది?"

"అందరికీ తెలుసు."

అందరికీ తెలుసు అన్న మాట విన్నప్పుడల్లా నాకు అనుమానం రెట్టింపవుతుంది. గ్రహణం వేళ బయటికి రాకూడదని కూడా అందరికీ తెలుసు. గర్భసంచి తీసేస్తే ఈ జబ్బు పోతుందన్న నమ్మకానికీ తాయెత్తు కడితే దిష్టి పోతుందన్న నమ్మకానికీ తేడా ఏమిటి? తాయెత్తు కట్టించుకుంటాం, ఇది కోయించుకుంటాం. పోయిందా లేదా అని చూడటం మాత్రం రెండు చోట్లా ఎవరి పనీ కాదు.

కమిటీ కూర్చున్న రోజు వర్షం. భవానీపూర్ రోడ్డంతా మోకాళ్ల లోతు నీళ్లు. ఆమె రాదేమో, రాకపోతే అదే నేరం ఒప్పుకోవడం అవుతుందని మా సిబ్బంది విభాగం అధిపతి గడియారం చూసుకుంటున్నాడు. ఆయన్ని అందరం బడోబాబు, అంటే పెద్దబాబు, అనేవాళ్లం. ఆయన పక్కన కంపెనీ డాక్టరు. వయసు మళ్లినవాడు, మర్యాదస్తుడు, తొందరలో ఉండే మనిషి. ఆ పక్కన నేను. మూలన మాటలు రాసుకోవడానికి దిది.

ఆమె వచ్చింది. చీర అంచు మురికినీళ్లతో తడిసిపోయింది. కూర్చోమంటే కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుంది.

బడోబాబు ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. సిబ్బంది గ్రూపులో తిరుగుతున్న వీడియో. చర్చిలో ఏదో విందు. ఆమె పెద్ద బిర్యానీ గిన్నెకు ఒక పక్క పట్టుకుని మోస్తోంది, ఎవరితోనో ఏదో అని పగలబడి నవ్వుతోంది. సెలవు ముగిసిన మర్నాటిదట.

"ఇది నువ్వేనా?" అన్నాడు బడోబాబు.

"నేనే దాదా" అంది, బెంగాలీలో అన్నా అని.

"ఇంత బరువు మోశావు. నవ్వుతున్నావు."

ఆమె బెంగాలీలో చెప్పింది. నాకు గుర్తున్నంతవరకు దాన్ని తెలుగులో రాస్తున్నాను. "ఆ రోజు నొప్పి లేదు దాదా. లేని రోజు కూడా ఏడవాలా? నెలలో కొన్ని రోజులు మంచంలో ఉంటాను. మిగతా రోజుల్లో మనిషిని. మంచంలో ఉన్నప్పుడు వీడియో తీయడానికి ఎవరూ రాలేదు. వస్తే తలుపు తీసేదాన్ని."

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "చూడమ్మా, నేను నీ మీద కోపంతో మాట్లాడటం లేదు. నీ గర్భసంచి తీసేశారు. మొన్న స్కాన్ చేయించాం, అందులో ఏమీ లేదు. నెలనెలా నొప్పి అంటున్నావు. నెల అనేదే లేదు నీకు. మరి నొప్పి ఎక్కడిది? మనసులో బెంగ ఉంటే చెప్పు, దానికి మందులున్నాయి."

"అంటే నాకు పిచ్చి అంటారా డాక్టరుబాబూ?"

"ఆ మాట నేనలేదు."

"మెల్లగా అన్నారు."

దిది కలం ఆగిపోయింది. బడోబాబు నా వైపు చూశాడు. "మేడమ్, మీరు ఆడవాళ్లు. ఇంటికి కూడా వెళ్లి చూశారు. మీరే చెప్పండి, నొప్పి ఉంటుందా, ఉండదా?"

ఈ గౌరవం నాకు చాలాసార్లు దక్కింది. ఆడవాళ్ల విషయం వచ్చినప్పుడల్లా గదిలో ఉన్న ఒక ఆడదాన్ని సాక్షిగా నిలబెట్టి మగవాళ్లు చేతులు కడుక్కుంటారు. ఉంటుందంటే జాలి పడ్డానంటారు. ఉండదంటే నా పేరు మీద ఆమెను పంపించేస్తారు. ఎటు చెప్పినా నష్టం ఆమెకే. నేను ఆలోచిస్తున్నాను. ఆలోచన కాస్త ఎక్కువసేపు సాగినట్టుంది.

ఆమె నా వైపు తిరిగి, ఆ గదిలో మరెవరికీ అర్థం కాని తెలుగులో అంది. "ఏటి మేడమ్, మా ఇంట్లో నూనె సీసాకి అంత లెక్చరిచ్చినారు. ఇక్కడ నోరిప్పరేటి?"

"ఏమంది?" అన్నాడు బడోబాబు.

"నన్ను పని చేయమంది" అన్నాను. "నేను ఆడదాన్నే గాని ఆమె కడుపును కాదు. నా సాక్ష్యానికి విలువ లేదు. డాక్టరుగారిని కొన్ని ప్రశ్నలు అడగనివ్వండి." బడోబాబు చేయి ఊపాడు.

"డాక్టరుగారూ, గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీశారా?"

ఆయన కాగితం తిప్పాడు. "లేదు. వయసు తక్కువ కాబట్టి ఉంచారు."

"అవి పనిచేస్తున్నాయా?"

"పనిచేస్తూనే ఉండాలి."

"అయితే నెల ఆగిపోయిందని ఎలా చెప్పగలరు? రక్తం బయటికి రావడం ఆగింది. లోపల నెల తిరగడం ఆగలేదు కదా."

ఆయన కాగితంలో మళ్లీ వెతికాడు.

"ఈ జబ్బు గర్భసంచి బయట పెరిగేదే కదా. సంచి తీసినప్పుడు బయట పెరిగినదాన్ని కూడా తీశారా?"

"ఇందులో రాయలేదు."

"ఉంటే స్కాన్‌లో తప్పకుండా కనిపించాలా?"

"తప్పకుండా అని చెప్పలేం. చిన్నవి, అతుక్కుపోయినవి కనిపించకపోవచ్చు."

"అయితే ఇన్నాళ్లూ మనం దేనివల్ల ఆమెను అనుమానించామో అదే ఆమె చెప్పేదానికి బలం కాదా? అబద్ధం చెప్పేవాళ్లు పండక్కి, పెళ్లికి, సెలవుల పక్కన చూసి జబ్బు పడతారు. ఈమె నెల తిరిగినప్పుడు పడుతోంది. సంచి లేనిదానికి నెల ఏమిటని నవ్వాం. నెల ఉంది. మనకు తెలియలేదంతే."

బడోబాబు విసుగ్గా "మేడమ్, ఇది సభ కాదు" అన్నాడు.

"సభ అయితే బాగుండేది. అక్కడ కనీసం రెండో పక్షాన్ని వింటారు."

అప్పుడు ఆమె డాక్టరునే చూస్తూ, నేను వేసిన ప్రశ్నలన్నిటికన్నా చిన్న ప్రశ్న వేసింది. "డాక్టరుబాబూ, ఆపరేషన్ తర్వాత మీ దగ్గరికి ఎన్నోసార్లు వచ్చాను. ప్రతిసారీ ఆ స్టూలు మీద కూర్చోబెట్టి కాగితాలు చూశారు. నన్ను ఎప్పుడైనా చూశారా?"

ఆయన అవమానపడి మాట మారుస్తాడనుకున్నాను. అలాంటి చోట మనుషులు ఎలా తప్పుకుంటారో నాకు తెలుసు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"లేదు" అన్నాడు. "నేను చూడలేదు."

బడోబాబు "అది రాయనక్కర్లేదు" అన్నాడు దిదితో.

"రాయండి" అన్నాడు డాక్టరు. "పరీక్ష చేయకుండా ఆమె ఆరోగ్యంగా ఉందని నేను సంతకం పెట్టలేను. ఈ జబ్బు మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. ముందు అక్కడికి పంపిద్దాం."

ఆ మాటలో పశ్చాత్తాపం ఎంత, రేపు ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందన్న జాగ్రత్త ఎంత అని నేను చాలాసార్లు ఆలోచించాను. తేల్చుకోలేకపోయాను. తేలకపోయినా ఫరవాలేదు. ఆ బల్ల దగ్గర నేను కూర్చున్న అన్నేళ్లలో, నేను చూడలేదు అని ఒప్పుకున్న అధికారి ఆయనొక్కడే.

అలా పంపిన చోట ఆమెను చూసిన డాక్టరమ్మ అడగడానికే చాలాసేపు తీసుకుంది. ఎక్కడ, ఎప్పుడు, కూర్చుంటేనా, బాత్రూంలోనా. తర్వాత చేత్తో పరీక్ష చేసింది. చిన్న గాట్లతో లోపలికి కెమెరా పంపి చూసింది. పేగు మీద, ఒక అండాశయం వెనక అతుక్కుని, సంచి తీసినవాళ్లు వదిలేసినవి అక్కడే ఉన్నాయి. తీయగలిగినంత తీసింది. ముందే చెప్పింది కూడా, పూర్తిగా పోతుందని మాట ఇవ్వను, ఇన్నేళ్ల నొప్పికి నరాలు అలవాటు పడిపోయి ఉంటాయి, మందులు, వ్యాయామాలు, జాగ్రత్తలు సాగుతూనే ఉండాలని.

మంచం మీద ఆమెను చూడటానికి వెళ్తే ఏడుస్తుందనుకున్నాను. పరీక్ష పాసైన పిల్లలా నవ్వింది. "ఉందట మేడమ్. నిజంగానే ఉందట. అమ్మకి కూడా సెప్పినాను, నాను దొంగని కాదే అని." తన ఒంట్లో జబ్బు దొరికినందుకు ఒక మనిషి సంతోషపడే పరిస్థితికి తెచ్చిన వాళ్లం మేము. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మీరూ మరిచిపోకూడదనే రాస్తున్నాను.

నొప్పి తగ్గింది. పోలేదు. మంచం పట్టే రోజులు తక్కువయ్యాయి, కూర్చోవడం మాత్రం కష్టంగానే ఉంది. ఆమె సెలవు అడగలేదు, దయ అడగలేదు. నిలబడి పనిచేస్తాను, బల్ల ఎత్తు పెంచండి, బాగా వచ్చినప్పుడు కాసేపు ఒరగడానికి చోటివ్వండి అని అడిగింది. దొంగ, పనికిరాదు అన్న రెండు మాటలు తప్ప మూడో మాట లేని కమిటీకి ఇది మింగుడు పడలేదు. గిడ్డంగి వడ్రంగి మాత్రం ఒక పూటలో బల్లకు కాళ్లు పెంచేశాడు. కేబిన్ కిటికీలోంచి ఆమె నిలబడి కనిపిస్తే ఒక డ్రైవర్ అడిగాడట, అక్కా, నిలబెట్టి శిక్ష వేశారా అని. నువ్వు లోడు ఎక్కువ వేస్తే నాకు వేశారు అందట.

మా ఆఫీసు దిది ఏమందో చెప్పాలి కదా. "రెండోసారి కోశారు, ఇంకా నొప్పేనా?" అంది. నేను వాదించాను. కొన్నాళ్లకు నా ముందు ఆ మాట అనడం మానేసింది. దాన్ని మారడం అనుకునేంత అమాయకురాలిని కాను. తనకు తగ్గింది కాబట్టి అందరికీ తగ్గాలి అనుకునే మనిషి చెడ్డది కానక్కర్లేదు. తన ఒంటిని లోకానికి కొలబద్దగా పెట్టుకుంటే చాలు.

ఇక్కడితో ఆపితే మంచి కథ అయ్యేది. కానీ మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మళ్లీ పళ్లట్టుకొచ్చేరు."

"ఎవరు?"

"మీ కుర్చీలోకొచ్చిన కొత్తాయన. తెలుగాయనే, హైదరాబాదంట. మంచిగా మాటాడేడు. రెండు ఆపరేషన్లయ్యేయి కదమ్మా, ఇంకా ఏటి నొప్పి అని అడిగేడు. కమిటీకి రమ్మన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏటంటాను? పళ్లు బాగున్నాయన్నాను. తినీసినాం." తర్వాత అంది. "ఆ డాక్టరుబాబు కూడా ఎల్లిపోయేరు మేడమ్. కొత్తాయనొచ్చేరు. మళ్లీ మొదట్నించీ సెప్పాల. సెప్పీ సెప్పీ నోరు నొప్పెడతంది, అదొక్కటే కొత్త నొప్పి."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకసారి తేలిన నిజాన్ని అధికారి మారినప్పుడల్లా మళ్లీ రుజువు చేసుకోవాల్సి వస్తే, అక్కడ విచారణ ఎప్పటికీ ముగియదు. నొప్పి ఉన్నవాళ్లు రోగులుగా కాక ముద్దాయిలుగా బతుకుతారు.

నా కుర్చీలోకి వచ్చిన ఆ అబ్బాయి ఇది చదువుతాడో లేదో తెలియదు. అలాంటి కుర్చీ మీకూ ఎక్కడో ఒకచోట ఉంది. అధికారి కుర్చీ కాకపోవచ్చు. అత్తగారి కుర్చీ, భర్త కుర్చీ, పక్కింటి కుర్చీ కావచ్చు. సంచి తీసేశారుగా, ఇంకా ఏమిటి అనే మాట మీ నాలుక చివరికి ఎప్పుడో వస్తుంది. అనుమానించడం మానేయమని నేను చెప్పను, నేనే మానలేదు. అనుమానం ఎవరి మీద పెట్టాలో చూసుకోమంటున్నాను. నొప్పి ఉందన్న మనిషి మీద పెట్టేముందు, లేదన్న మనిషి మీద పెట్టండి. ఎలా తెలిసిందని అతన్ని అడగండి. ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, దేన్ని చూశారు అని అడగండి. ఆ జవాబు వచ్చేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పళ్ల సంచి కింద పెట్టండి. ఆమె ఎదురుగా కూర్చోండి, ఆమె నిలబడి ఉంటే మీరూ నిలబడండి. ఎక్కడమ్మా నొప్పి అని అడగండి. ఇవాళే అడగండి.